పేరు లేని ఈసీజీ

మెషిన్‌లోంచి జారిన కాగితాన్ని ఈసీజీ అక్కయ్య కళ్ల దగ్గరికి తెచ్చుకుని మళ్లీ చూసింది.

ఆస్పత్రిలో ఈసీజీలు తీసే ఆవిడ పెద్దా చిన్నా అందరికీ అక్కయ్యే. రోజూ ఓపీ తెరవకముందే వచ్చి, మెషిన్ సరిగ్గా పనిచేస్తోందని రూఢి చేసుకున్నాకే మొదటి పేషెంటును పిలుస్తుంది. ఇరవై రెండేళ్లలో ఒక్కరోజు కూడా ఆ పని మానలేదు. ఇలాంటి గీతలు కనిపించిన ప్రతిసారీ ఒక్క ఉదుటున డాక్టర్ దగ్గరికి పరుగెత్తింది. ఇవాళ మాత్రం నేరం మెషిన్ మీదికి తోసేద్దామని చూసింది. వైర్లు పీకి మళ్లీ పెట్టింది. రెండో కాగితమూ అదే చెప్పింది. మూడోదీ అంతే.

పేరు రాయాల్సిన చోట పెన్ను కదల్లేదు. రుమాలుతో మెడ తుడుచుకుంటూ, వగర్చుకుంటూ వెళ్లి గుండె డాక్టర్ బల్ల మీద ఆ కాగితం పెట్టింది.

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "ఎవరిది అక్కయ్యా? వయసెంత?"

"యాభై రెండు సార్. నెలసరి ఆగి మూడేళ్లు."

"ఛాతీలో నొప్పా?"

"అదేం లేదు. దవడ లాగుతోంది. మెట్లెక్కితే ఆయాసం. ఒళ్లంతా చెమటలు."

ఆడవాళ్లకు గుండెపోటు చాలాసార్లు ఇలాగే దొంగలా వస్తుందని ఆయన విసుక్కున్నాడు. ఈస్ట్రోజెన్ హార్మోన్ ఉన్నన్నాళ్లూ రక్తనాళాలకు కాస్త కాపలా ఉంటుందనీ, నెలసరి ఆగాక ఆ కాపలా తగ్గిపోతుందనీ, అప్పుడొచ్చే చెమటల్నీ ఆయాసాన్నీ చూడకుండానే వయసు మీదికి తోసెయ్యకూడదనీ అన్నాడు.

"ఇన్నాళ్లూ ఏం చేస్తున్నట్టు?"

"ఈ వయసులో మామూలే అన్నారు సార్."

"ఏ మహానుభావుడు?"

"మొన్న మీరే సార్."

ఆయన కాగితం మీద పేరు కోసం చూశాడు, ఆ చోటు ఖాళీగా ఉంది. ఆ మాట రోజుకు ఎంతమందితో అంటాడో, ఎవరితో అన్నాడో గుర్తు రాలేదు.

"ఎక్కడుంది ఆవిడ?" అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి.

"ఇక్కడే ఉంది సార్. చాలా భయపడుతోంది."

"ఒక్క అడుగు కూడా వెయ్యనివ్వకండి. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టండి." ఆయన ఫోన్ అందుకున్నాడు.

"బతుకుతుందా సార్?"

"గడ్డ కరిగించే మందు ఇప్పుడే ఎక్కిస్తే బతుకుతుంది."

గుమ్మం పక్కనున్న చక్రాల కుర్చీని దగ్గరికి లాక్కుని, బ్రేకు వేసి, రోజూ పొద్దున్నే మెషిన్‌ను ముందుగా తన గుండె మీదే పరీక్షించి చూసే అక్కయ్య, మెల్లగా తనే అందులో కూర్చుంది.