తలుపు మీద తాత

“ఎడారిలో సముద్రమా? ఎవరు చెప్పినారమ్మా నీకు?” ధనుంజయ అన్నం ముద్ద చేతిలో అట్లాగే పట్టుకుని కూతురి వైపు చూశాడు.

“ఎడారి పక్కన సముద్రం నాన్నా. ఒమాన్‌లో ఇసుక దిబ్బలు నేరుగా నీళ్లలోకి దిగుతాయి.” శ్రీవాసవి ఫోన్‌లో పటం చూపించింది. “సర్ఫింగ్‌కు అట్లాంటి అలలు ఇంకో తావున దొరకవు. నలుగురం ఆడపిల్లలం. జీపు, గుడారాలు, తాగే నీళ్లు అన్నీ మాట్లాడుకున్నాం.”

“ఊరుందా ఆడ?”

“అదే లేదు. అందుకే పోతాండేది!”

ధనుంజయకు పొలమారింది. నీళ్లు తాగి తేరుకున్నాడు.

“విశాఖకు చదువుకోను పంపిస్తే అలల మీద పలకెక్కి నిలబడేది నేర్చుకోనొస్తివి. సరేలే అనుకుంటి. ఇప్పుడు దిక్కూమొక్కూ లేని తావులో సముద్రమెక్కి ఎగురుతావా? గుడ్డలమ్ముకునే కొంప మనది. పలకెక్కి నీళ్ల మీద పోయేది మన ఇంటా వంటా ఉండాదా?”

సాయంత్రానికల్లా స్నేహితురాళ్లకు మాట చెప్పాలి. శ్రీవాసవి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఎందుకు లేదప్పా? నేను లేనా?” పడక్కుర్చీలోంచి రామకోటయ్య తాత గొంతు సవరించుకున్నాడు.

ధనుంజయ తల పట్టుకున్నాడు. తుంగభద్ర కర్నూలు వీధుల్లోకి వచ్చిన ఏడు, తాత ఊడిపోయిన అంగడి తలుపెక్కి వరద దాటిన కథ ఆ ఇంటి గోడలకు కూడా కంఠతా వచ్చు. చెప్పిన ప్రతిసారీ నీళ్లు ఒక అడుగు పెరుగుతాయి.

“నిట్టనిలువునా నిలబడింటి. చేతిలో గుడ్డలు కొలిచే గజంబద్ద. దాంతోనే తెడ్డేస్తి. కొండారెడ్డి బురుజు వంగి సలాం కొట్టె. ఒక నాగుబాము ఈదుకుంటా వచ్చి నా మూతిని ముద్దు పెట్టుకోని పాయ.”

“పోయినసారి నీళ్లపాము కదా నాయనా?”

“ఇన్నేండ్లలో పెరగదా?”

శ్రీవాసవికి ఏడుపులోనే నవ్వొచ్చింది.

“నిట్టనిలువునా నిలబడినోని మూతి పాముకు ఎట్లందె?” ధనుంజయ వదల్లేదు.

తాత కాస్త తడబడ్డాడు. “అది... ఎగిరిందిలే.”

“ఆ పొద్దు నేను సరుకుకు హైదరాబాదు పోయింటి కాబట్టి నువ్వేం చెప్పినా చెల్లుతాంది. ఈ ఇంట్లో ఒక్కరన్నా నీళ్ల మీద పలకెక్కి నిలబడినట్టు తేలితే పిల్లను సంతోషంగా పంపిస్తా!” ధనుంజయ గడప వైపు తిరిగాడు. “అమ్మా, నువ్వూ ఆడనే ఉంటివి కదా. చెప్పు. నాయన ఆ తలుపు మీద నిలబడినాడా?”

శెనక్కాయలు ఒలుస్తున్న నాగేంద్రమ్మ చేతులు ఆగాయి. శ్రీవాసవి ఆశ వదులుకుంది. బేరం చెడుతుందని తెలిసినా, చీర రంగు దిగుతుందని కొనేవాళ్లకు ముందే చెప్పే మనిషి అవ్వ. ఆమె నోట అబద్ధం రాదు.

తాత పైకప్పు దూలాలను శ్రద్ధగా చూస్తున్నాడు.

“లేదు,” అంది నాగేంద్రమ్మ.

ధనుంజయ మీసం దువ్వుకున్నాడు. శ్రీవాసవి ఫోన్‌లో పటం మూసేసింది.

అవ్వ ఇంకో కాయ చిదిపి, గింజలు చేటలో వేసింది.

“మీ నాయన బోర్లా పండుకోని నా కాళ్లు పట్టుకోనుండె. నిలబడి తెడ్డేసింది నేను.”