నిచ్చెన మీద చప్పుడు

ముసలాయన మళ్లీ లేచాడు.

పడవ అంచు పట్టుకుని దక్షిణం వైపు చూశాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

"కాలు కాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు పెద్దాయనా? కాస్త కూర్చోండి, పడవ ఊగుతోంది," అన్నాడు ఉల్రిక్.

నిజానికి ఉల్రిక్‌కీ స్థిమితం లేదు. అతని భార్య వెర్లిన్ నీళ్ల కింద ఉంది. వెంట నలుగురు టూరిస్టులు. వాళ్లకి సముద్రం అడుగు చూపించడం ఆమె పని, పైన పడవతో కాచుకుని ఉండడం ఇతని పని. టొబాగో దీవిలో ఆ ఇద్దరి బతుకుతెరువు అదే.

నిన్న ఆ నలుగురూ ఒకటే సణిగారు, తొందరగా పైకి పిలిచేశారని. ఇవాళ కూడా పిలిస్తే రేపు పక్క దుకాణం పడవెక్కుతారు.

ఈ ముసలాయన సంగతి వేరు. నీళ్లలో దిగడట. ఊరికే పడవలో కూర్చుంటానని చోటు కొనుక్కున్నాడు. పెళ్లికి వెళ్లి భోజనం చెయ్యకుండా వచ్చే రకం అనుకున్నాడు ఉల్రిక్.

"నది వస్తోంది," అన్నాడు ముసలాయన.

దూరంగా సముద్రం మీద ఆకుపచ్చ చార కనిపిస్తోంది. అవతలి పెద్ద దేశంలో వానలు పడితే అక్కడి నది నీళ్లు ఇంతదూరం కొట్టుకొస్తాయి. అవి వచ్చాయంటే కింద ఎవరి చెయ్యి వాళ్లకే కనపడదు. ప్రవాహం ఎటు లాగితే అటే.

"చూశాను. ఇంకా దూరముంది."

"దూరంగానే కనపడుతుంది అబ్బాయ్. పిలువు వాళ్లని."

"నాకు నేర్పకండి. మా మామ, వెర్లిన్ వాళ్ల నాన్న హెస్కెత్ పోయింది ఈ నీళ్లలోనే. ఆ రోజు పైన పడవలో ఉన్నది సిల్వన్ అనే దరిద్రుడు. నది రావడం చూస్తూ కూడా చేతులు కట్టుకుని కూర్చున్నాడు."

"ఎందుకు కూర్చున్నాడట?"

"పిలిస్తే టూరిస్టులు విసుక్కుంటారని. వాళ్లు ఎలాగో తేలారు, మామ తేలలేదు. వాడు ఊరొదిలి పారిపోయాడు."

"మరి నువ్వెందుకు పిలవవు?"

ఉల్రిక్‌కి కోపం వచ్చింది.

"ముందు మీరు కూర్చోండి!"

ముసలాయన కూర్చోలేదు. మూలనున్న ఇనుప కడ్డీ అందుకుని, నీళ్లలోకి దిగిన నిచ్చెన మీద కొట్టాడు. రెండు దెబ్బలు. కాస్త ఆగి ఇంకొకటి. మళ్లీ రెండు. ఆగి, ఒకటి.

ఉల్రిక్ కడ్డీ లాగేసుకున్నాడు. అయినా ఫర్వాలేదు అనుకున్నాడు. ఈ నీళ్లలో ఏ పడవ పిలుపు దానిదే. వీళ్లది వరసగా నాలుగు దెబ్బలు. ఇది ఎవరి పిలుపో అనుకుని వెర్లిన్ పట్టించుకోదు.

కానీ పడవ పక్కన నీళ్లు బుడగలతో తెల్లబడ్డాయి. ఒక్కొక్క తలే పైకి వచ్చింది. అందరికన్నా చివర వెర్లిన్.

"ఇవాళ కూడానా? తాబేలు అప్పుడే కనపడింది," అన్నాడు నలుగురిలో లావాటాయన.

"నేను కాదండీ, ఈయన," అన్నాడు ఉల్రిక్. వాళ్లని చల్లబరచడానికి గొంతు ఇంకాస్త పెంచాడు. "చూడు పెద్దాయనా, రేపట్నించి నా పడవ దరిదాపులకి రాకు. గడ్డం నెరిస్తే సరిపోదు."

"రానులే," అన్నాడు ముసలాయన. నిచ్చెనెక్కి వస్తున్న వెర్లిన్‌నే చూస్తూ, పొద్దుటి నుంచీ మొదటిసారి స్థిమితంగా కూర్చున్నాడు.

అందరూ వీపుల మీది సిలిండర్లు దించకముందే ఆకుపచ్చ నీళ్లు పడవ కిందికి వచ్చేశాయి. నిచ్చెన అడుగుమెట్లు కనపడకుండా పోయాయి. లావాటాయన తొంగిచూశాడు. తాబేలు మాట మళ్లీ ఎత్తలేదు.

ఉల్రిక్ చేతిలోని కడ్డీ కింద పెట్టాడు.

"మనది కాని పిలుపుకి ఎలా వచ్చావు?" అని వెర్లిన్‌ని మెల్లగా అడిగాడు.

ఆమె వణుకుతోంది. చలి అనుకుని తువ్వాలు కప్పాడు.

రేవులో ముసలాయన దిగి రోడ్డు వైపు నడిచాడు. పిలిచి క్షమించమని అడగాలనిపించింది ఉల్రిక్‌కి. అంత అరిచిన నోరు అంత తొందరగా తిరగలేదు. ముందు పడవ కట్టేసి వెళ్దాంలే అనుకున్నాడు.

వెర్లిన్ తిన్నగా తల్లి దగ్గరికి వెళ్లింది. తల్లి యుడోరా ఆ రేవులోనే రొట్టెలు వేయించి ఉప్పుచేపతో అమ్ముతుంది. కళ్లకి పొరలు కమ్మాయి, చేతులకి మాత్రం ఏ పొరా లేదు.

"అమ్మా, ఇవాళ నీళ్లలో నాన్న పడవ పిలుపు విన్నాను. రెండు దెబ్బలు, ఆగి, ఒకటి. నాన్నే పిలుస్తున్నాడనిపించి వచ్చేశాను."

యుడోరా చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఎవరు కొట్టారే?"

"పొద్దున్న నీ దగ్గర రొట్టె తిన్న ముసలాయన," అన్నాడు వెనకాలే వచ్చిన ఉల్రిక్.

"'నువ్వింకా కారం ఎక్కువే వేస్తావు' అన్నాడు," అంది యుడోరా. "కొత్తవాడికి ఎలా తెలిసిందా అనుకున్నాను. కొసరి ఇంకొకటి పెట్టాను."

ఉల్రిక్ రోడ్డు మీదికి పరిగెత్తాడు. బస్సు అప్పటికే కొండ మలుపు తిరిగింది. రొప్పుతూ వెనక్కి వచ్చాడు.

యుడోరా ఇంకా పెనం ముందే నిలబడి ఉంది. రొట్టె మాడుతోంది.

"ఆ పిలుపు కొట్టేవాళ్లు ఇద్దరే నాయనా," అంది. "ఒకడు నా మొగుడు, రెండోవాడు ఆ రోజు కొట్టకుండా కూర్చున్న సిల్వన్."