రూట్ దొరకలేదు

స్క్రీన్ మీద మళ్లీ అదే వాక్యం. 'రూట్ దొరకలేదు.' దాని కింద ఓ తెల్లగీత మిణుకు మిణుకుమంటోంది. అంతకుమించి ఉలుకూ పలుకూ లేదు.

తమ్ముడు కీబోర్డు మీద చేతికందిన మీటల్లా నొక్కి చూశాడు.

అరచేతిలో పట్టే ఆ బోర్డే చల్లగదికి మెదడు. ఊళ్లో కంపెనీలు తమ పరికరాలు చలికి తట్టుకుంటాయో లేదో ఆ గదిలోనే పరీక్ష చేయించుకుంటాయి. తలుపు తాళం తియ్యాలన్నా, చలి యంత్రాన్ని ఆపాలన్నా బోర్డు చెప్పాల్సిందే. అది కాస్తా పడుకుంది. తలుపు తాళం పడింది, చలి యంత్రం మాత్రం తన మానాన తాను తిరుగుతూనే ఉంది. లోపల అరల నిండా ఓ కస్టమరు మీటర్లు. ఇంకాస్త చల్లబడితే వాటి అద్దాలు పటపటా పగలడం ఖాయం.

ఉద్యోగంలో చేరి నెల తిరగలేదు. అప్పుడే రెండుసార్లు చివాట్లు తిన్నాడు. "మూడోది జరిగితే సంచీ సర్దుకో" అని యజమాని మొహం మీదే చెప్పాడు. ఆ యజమాని భోజనం చేసి ఏ క్షణాన్నయినా వచ్చేస్తాడు.

ఈ ఉద్యోగం ఇప్పించింది అక్క. ఈ ల్యాబ్‌కి పెద్ద ఆవిడే. కానీ ఇవాళ మధ్యాహ్నం నుంచి సెలవు, మీటర్ల లెక్క చూసుకుని కొడుకు బడికి వెళ్లాలంది. కుర్చీ ఖాళీగా ఉంది, వెళ్లిపోయినట్టుంది. ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తింది.

"నీకే చేద్దామనుకుంటున్నా. ఏం చేశావురా?"

"కొంప మునిగిందక్కా! చల్లగది బోర్డు లేవట్లేదు."

 అటునుంచి గాలి హోరు వినిపించింది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినట్టుంది, అనుకున్నాడు.

"ముందు ఆ ఏడుపు ఆపు. కంగారు పుడితే నీకు చేతులాడవు. స్క్రీన్ మీద ఏముందో చదువు."

చదివాడు.

"ఓస్, దీనికేనా ఇంత గోల? రూట్ అంటే దాని ఫైళ్లన్నీ ఉన్న డిస్కు. అది దానికి కనబడట్లేదు. ఇల్లు మర్చిపోయి వీధిలో నిలబడ్డ ముసలాయనలాగా ఉంది పాపం. చెయ్యి పట్టుకుని ఇంటికి చేర్చాలి, అంతే."

"మెయిన్ స్విచ్ ఆపేస్తే?"

"చలి యంత్రం లైను వేరు. మెయిన్ ఆపితే అది ఆగదు, తాళం పడ్డది పడ్డట్టే ఉంటుంది. దాని జోలికి పోకు."

బోర్డుకి డిస్కులా పనిచేసే మెమరీ కార్డు తీసి, తుడిచి, మళ్లీ పెట్టమంది. పెట్టాడు. లేవలేదు. ఏదో టైప్ చెయ్యమని ఒక్కో అక్షరం చెప్పింది. చెమట చేతులతో రెండుసార్లు తప్పు కొట్టాడు.

"చేతులు వణుకుతున్నాయా?"

"ఊఁ."

"నావీ అంతే. నీతో మాట్లాడితే ఎవరికైనా అంతే."

మామూలుగా అయితే నవ్వేవాడు. ఇప్పుడు నవ్వు రాలేదు. అక్క గొంతు ముద్దముద్దగా ఉంది. తన వల్ల ఆవిడ పరువు కూడా పోతోందని ఏడుస్తోందేమో. భయం రెట్టింపయింది.

"అక్కా, చలి సున్నాకి చాలా కిందికెళ్లిపోయింది. మీటర్లు పోతాయక్కా!"

"మీటర్ల సంగతి నాకొదిలెయ్. వాచ్‌మన్‌ని కేకేసి గునపం తెమ్మను."

"గునపమా?"

"బోర్డు లేవకపోతే తలుపు పగలగొడదాం."

"నీకేమైనా మతి పోయిందా? నన్ను అమ్మినా ఆ తలుపు ఖరీదు రాదు!"

"తెమ్మనరా."

కేకేశాడు. గునపం కోసమని వెళ్లిన వాచ్‌మన్ అటునుంచి అటే పోయాడు.

"ఒరేయ్... నిన్నటిదాకా బాగున్నది... ఇవాళ ఎందుకు దారి తప్పింది? దానికి ఏమైనా గుచ్చావా?"

బోర్డు పక్కన తన పెన్‌డ్రైవ్ నీలంగా వెలుగుతోంది. బయటి పెన్‌డ్రైవ్ పెట్టకూడదని గోడ మీద ఇంత లావు అక్షరాలతో రాసి ఉంది. పెట్టాడని తెలిస్తే మూడో చివాటు కూడా ఉండదు, నేరుగా గేటు బయటికే.

"లేదక్కా" అన్నాడు.

మళ్లీ మొదటి నుంచీ చేయించింది. మళ్లీ రూట్ దొరకలేదు. అక్క మాటకీ మాటకీ మధ్య దూరం పెరిగిపోతోంది.

"నిజం చెప్పు నాన్నా. తిట్టను. ఒట్టు."

అక్క ఎప్పుడూ అలా బతిమాలలేదు. తమ్ముడు పెన్‌డ్రైవ్ వంక చూశాడు.

"పెన్‌డ్రైవ్ పెట్టానక్కా. రీడింగులు ఇంటికి తీసుకెళ్లి నేర్చుకుందామని. ఎర్రలైటు వెలిగింది. భయమేసి రీస్టార్ట్ కొట్టాను."

పిడుగు పడుతుందని కళ్లు మూసుకున్నాడు. అక్క నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది.

"పిచ్చి సన్నాసీ... మొదట కనబడిన డిస్కే తన ఇల్లనుకుంటుందిరా అది. నీ పెన్‌డ్రైవ్‌లో దూరి... వెతుక్కుంటోంది. పీకెయ్. బోర్డు స్విచ్ ఆపి... వెయ్యి."

పీకాడు. ఆపాడు. వేశాడు.

అక్షరాలు బిలబిలా పరిగెత్తాయి. పచ్చలైటు వెలిగింది. చలి యంత్రం ఆగింది.

"లేచిందక్కా! లేచింది! నా ఉద్యోగం నిలబడింది!"

 ఫోన్ కట్ అయిందేమోనని చూశాడు. కాలేదు.

"అక్కా?"

"తలుపు... తియ్యి."

"తీస్తాలే. ముందు ఈ పెన్‌డ్రైవ్ దాచెయ్యనీ, యజమాని వచ్చాడంటే..."

"తియ్యరా."

 పెన్‌డ్రైవ్ అక్కడే పడేసి వెళ్లి బటన్ నొక్కాడు. తాళం ఖటక్కుమంది. రెండు చేతులతో తలుపు లాగాడు.

తెల్లటి పొగలో, అరల మధ్య నేలమీద, ఊడొచ్చిన లోపలి పిడి ఒళ్లో పెట్టుకుని, కనురెప్పల నిండా మంచుతో, ఫోను ఇంకా చెవికి ఆనించుకునే అక్క కూర్చుని ఉంది.