తిరిగే ఫ్యాను

అనంతపురం ట్రాక్ మీద మూడు రోజుల పరీక్ష పరుగులు ముగియగానే, సీజను జోస్యం చెప్పే యంత్రం మెకానిక్ ఓబుళేసుకు తెర మీద తీర్పు చూపింది: వాళ్ల కారుకు పద్దెనిమిది రేసుల్లోనూ ఆఖరు స్థానమే. అలాంటి తీర్పు విన్న డ్రైవర్లు మొదటి రేసుకే రావడం మానేస్తున్నారు. యంత్రం లెక్క మాత్రం తప్పడం లేదు.

నిరుడు ఆసుపత్రిలో ఇలాంటి యంత్రమే ఓబుళేసు భార్య ఆరు నెలల్లోపే పోతుందంది. విన్ననాడే ఆమె మందులు మానేసింది. మూడో నెలలో పోతే, డాక్టరు యంత్రాన్ని మెచ్చుకున్నాడు.

డ్రైవరు శివజ్యోతి హెల్మెట్ తీస్తూ రావడం చూసి ఓబుళేసు తెర వైరు పీకేశాడు.

"ఏం చెప్పింది చిన్నాయనా?"

"కరెంటు పోయింది. నువ్వు మూడో మలుపులో బ్రేకు తొందరగా తొక్కతాండావు, అది చూసుకో."

"మరి పైన ఫ్యాను తిరుగుతాందే?"

"దానికింకా తెలీదు. తిరగనీ."