మాఘంలో కొలత

దర్జీలు టేపు పట్టడం మానేసి చాన్నాళ్లయింది. నెలకోసారి ఇచ్చే రక్తపు చుక్కే, రాబోయే ఏడాదిలో ఏ నెలకి మనిషి ఒళ్లెంత ఉంటుందో చీటీ మీద చెప్పేస్తుంటే ఇక టేపెందుకు? శుభకార్యం ఏ నెలలో ఉంటే ఆ నెల కొలతకే కుట్టడం అలవాటైపోయింది.

తిరపతమ్మ దర్జీ మస్తాన్ బల్ల మీద పట్టుగుడ్డ పరిచింది. ఆమె భర్త బ్రహ్మయ్యకి అన్నవాహికలో క్యాన్సరు. గంజి తప్ప ఏదీ దిగడం లేదు. బయట అరుగు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటున్నాడు.

"మాఘంలో మా షష్టిపూర్తి మస్తానూ. ఆయన లాల్చీ బాగా కుదరాల," అంటూ పర్సులోంచి భర్త చీటీ తీసిచ్చింది. దాన్ని విప్పి చూసే ధైర్యం ఆమెకి లేకపోయింది.

మస్తాన్ వేలు పెట్టి చదివాడు. ఛాతీ, కార్తీకంలో ముప్పైనాలుగు. మార్గశిరంలో ముప్పైరెండు. పుష్యంలో ముప్పై. వేలు అక్కడే ఆగిపోయింది.

"మాఘం చూడవయ్యా."

"మాఘంలో కొలత లేదమ్మా."

చీటీలో నెల లేకపోతే ఏమిటో ఊళ్లో చిన్నపిల్లలకీ తెలుసు.

"అచ్చు పడలేదేమో! మనిషి ఇక్కడే ఉన్నాడుగా, టేపు పట్టి కొలువు!"

కొట్లో టేపు లేదు. ఆమె గబగబా దారపు ఉండ అందుకుని దారం లాగింది. ఈలోగా బ్రహ్మయ్య గుమ్మం పట్టుకుని లోపలికొచ్చాడు. ఆమె చేతిలోని దారాన్ని మెల్లగా విడిపించాడు.

"గుడ్డ దండగ చేయబాక మస్తానూ," అన్నాడు. "మా అబ్బాయి కొలతలకి కుట్టు. వాడి చీటీలో మాఘం ఉంది."