డ్రాగన్ వెనక కాళ్ళు

“నేను ఆ తోకలో దూరను గాక దూరను” అంది అమ్మమ్మ.

“అమ్మమ్మా, ప్లీజ్! ఇంకాసేపట్లో పిలుస్తారు. నాలుగు కాళ్ళూ ఉంటేనే డ్రాగన్‌ని వేషాల పోటీలోకి రానిస్తారట. ముందు కాళ్ళు నేను. వెనక కాళ్ళకి ఒప్పుకున్న నా స్నేహితురాలేమో కాలు బెణికిందని ఇంట్లో కూర్చుంది.”

“కాలు బెణికింది దానికి, ప్రాణం మీదికొచ్చింది నాకు!”

హాలు నిండా ఒక బొమ్మల సీరియల్ అభిమానులే. అట్టలతో చేసిన రెక్కలు, వెండి రంగు పూసుకున్న మొహాలు, గుమ్మంలో పట్టని కిరీటాలు. ఎవరు ఎవరో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. లోపలికి అడుగుపెట్టినప్పటి నుంచీ అమ్మమ్మకి ఒకటే భయం. ఇలాంటి జనంలోనే చేతిలో ఉన్న చెయ్యి జారిపోయేది. తర్వాత ఎంత వెతుక్కున్నా దొరకదు. అందుకే మనవరాలి చొక్కా కొస వేలికి చుట్టుకుని మరీ నిలబడింది.

డ్రాగన్ మాత్రం ఆమె చేతి పనే. ఆకుపచ్చ మఖమల్ గుడ్డ, దూది కూరిన తోక, వీపు పొడుగునా ముళ్ళు. అంతా అయిపోయాక నిన్న “ముందు భాగం నడుము దగ్గర కాస్త లూజు చెయ్యి” అని మనవరాలు గొడవ చేస్తే, “నువ్వేం లావెక్కావని?” అని సణుక్కుంటూనే కుట్లు విప్పి మళ్ళీ వేసింది.

“సరేలే” అని నిట్టూర్చింది మనవరాలు. “చిన్నమ్మమ్మని పిలుస్తా. ఆవిడైతే నీలా భయపడదు.”

అమ్మమ్మ మొహం ఎర్రబడింది. “ఎవరూ, నా చెల్లెలా? నేను కుట్టిన తోకలో అది దూరుతుందా?”

“నువ్వు దూరనంటున్నావుగా. పోనీ నువ్వే ఫోన్ చేసి పిలువు.”

“నేనా? ముందు అది మాట్లాడాలి. అప్పుడు చూద్దాం.”

“ఆవిడా అచ్చం ఇదే మాట అంటోంది. కుట్టుమిషన్ ఎవరింట్లో ఉండాలన్న గొడవకి ఇన్నేళ్ళ నుంచి మూతులు ముడుచుకు కూర్చున్నారు. ఇద్దరికీ సిగ్గులేదు.”

“నోరు మూసుకుని ఆ తోక ఇటు తే!”

తెర వెనక ఒక మూలకి తీసుకెళ్ళి మనవరాలు ఆమెని తోకలోకి దించింది. “నడుం వంచి, ముందున్న నడుము పట్టుకుని నడువు, అంతే. తల తగిలించుకున్నాక నాకేమీ వినపడదు, నేను పలకను. చేతి మీద ఒకసారి తడితే నడవాలి, రెండుసార్లు తడితే ఆగాలి. కదలకు, తల పెట్టుకుని వచ్చేస్తా.”

“నన్ను వదిలేసి ఎక్కడికే...” అనేలోపే వెళ్ళిపోయింది.

లోపలంతా చీకటి. అమ్మమ్మకి ఊపిరాడలేదు. ఈ పిల్ల తిరిగి రాకపోతే? తనని ఎవరూ గుర్తించకుండా గుడ్డలతో పాటు మూటకట్టి పడేస్తే? అంతలో గుడ్డ కదిలింది. ఆకుపచ్చ కాళ్ళు రెండు వచ్చి ముందు నిలబడ్డాయి. కొక్కేలు తగిలించిన చప్పుడైంది.

“వచ్చావా తల్లీ!” అంటూ అమ్మమ్మ ఆ నడుముని రెండు చేతులా వాటేసుకుంది. పోయిన ప్రాణం లేచొచ్చింది. నొప్పుల మందు వాసన గుప్పుమంది. పొద్దున మోకాళ్ళకి కాస్త ఎక్కువే పూసుకున్నాను కాబోలు అనుకుంది.

చేతి మీద ఒక తట్టు పడింది. డ్రాగన్ కదిలింది.

మనవరాలితో బజారుకి వెళితే ఎప్పుడూ వెనకబడి ఆయాసపడేది అమ్మమ్మ. ఇప్పుడు ఒక్క అడుగు కూడా తడబడలేదు. ముందు కాలు పడితే వెనక కాలు దానంతటదే పడుతోంది. భయమేస్తే ఆమెకి మాటలెక్కువ. ఎలాగూ వినపడదన్నారు కాబట్టి ఇంకా ఎక్కువయ్యాయి.

“ఎంత బాగా నడుస్తున్నావే! చిన్నప్పుడు నేనూ మీ చిన్నమ్మమ్మా ఇలాగే ఒక్క మిషన్ మీద కుట్టేవాళ్ళం. అది తొక్కేది, నేను గుడ్డ జరిపేదాన్ని. ఒక్క కుట్టు వంకర పోయేది కాదు. ఇప్పుడు నేనే తొక్కుకుని నేనే జరుపుకుంటున్నానా... ప్రతి కుట్టుకీ అదే గుర్తొస్తుంది, పాపిష్టిది!”

ముందు కాళ్ళు టక్కున ఆగాయి. అమ్మమ్మ ముక్కు వెళ్ళి ఎదుటి వీపుకి కొట్టుకుంది.

“ఏమైందే? తల జారిందా?”

ఆమె చేతి మీదికి ఒక చెయ్యి వచ్చింది గానీ తట్టలేదు. అలాగే ఉండిపోయింది. కాసేపటికి డ్రాగన్ మళ్ళీ కదిలి, మెల్లగా మెట్లెక్కి, స్టేజీ మీదికి వచ్చింది.

ఒకటే చప్పట్లు. “తోక! తోక ఊపాలి!” అని ఎవరో అరిచారు. అమ్మమ్మ ఊపింది. హాలంతా నవ్వింది. భయం ఎటు పోయిందో పోయింది. ఇంకోసారి, ఎవరూ అడక్కుండానే ఊపింది.

“ఇంత చక్కగా అడుగు కలిపిన డ్రాగన్‌ని ఈ పోటీలో ఇదే చూడడం!” అంది మైకు.

అమ్మమ్మ పొంగిపోయి, గాలి కోసం తనే వదిలిన కుట్టు సందులోంచి బయటికి చూసింది. స్టేజీ కింద, అందరికంటే ముందు, మనవరాలు నిలబడి ఫోన్‌తో ఫొటోలు తీస్తోంది. దాని పక్కన, కాలు బెణికిన స్నేహితురాలు చెంగుచెంగున గెంతుతోంది.

అమ్మమ్మ బిగుసుకుపోయింది. మనవరాలు అక్కడుంటే, తను పట్టుకున్న ఈ నడుము ఎవరిది? గబుక్కున చేతులు వెనక్కి తీసుకోబోయింది. ముందు నుంచి రెండు చేతులు వాటిని గట్టిగా అదిమి పట్టుకున్నాయి. చీకట్లో, ముక్కు ఎగబీలుస్తూ ఒక గొంతు అంది:

“గెలిచాను. ముందు నువ్వే మాట్లాడావక్కా!”