మాటకారి చెప్పిన పాఠం

నగలపెట్టె పడగ్గది బీరువాలో ఉందన్న సంగతి ఆ ఇంటాయనే స్వయంగా బయటపెట్టాడు. చెప్పింది మాటకారికి కాదు, సెలూన్‌లో తన జుట్టు కత్తిరిస్తున్న అతనికి. పక్క కుర్చీలో మొహం నిండా నురగతో కళ్లు మూసుకున్న మాటకారి, చెవులు మాత్రం మూసుకోలేదు.

"చెల్లి పెళ్లికని లాకర్లోంచి నగలు తెచ్చి పడగ్గది బీరువాలో పెట్టాం. మనశ్శాంతి లేదనుకో. అమ్మకేమో మాట పడిపోయింది. బొమ్మలు నొక్కితే మాట్లాడే ట్యాబ్ ఒకటి కొన్నాం. అదెలా వాడాలో నేర్పడానికి రేపు థెరపీ సెంటర్ నుంచి టీచర్ వస్తారు. నేను ఆఫీసుకి పోతే ఇంట్లో మా ఆవిడొక్కతే, అన్నీ తనే చూసుకోవాలి."

మాటకారికి అసలు పేరు ఒకటుండేది గానీ, పోలీసులు కూడా దాన్ని వాడడం మానేశారు. నోరు గలవాడిదే రాజ్యం అన్న సామెతను నమ్ముకుని బతుకుతున్న మనిషి. గోడలు దూకడం, తాళాలు పగలగొట్టడం అతని దృష్టిలో మాటలు చేతకానివాళ్లు పడే అవస్థ. అయితే ఇంకొక్కసారి దొరికితే బెయిలు మాట మర్చిపొమ్మని లాయరు ముందే చెప్పాడు. అందుకే ఈ పని చాలా మర్యాదగా కానివ్వాలనుకున్నాడు.

సెలూన్ నుంచి ఆయన వెనకాలే వెళ్లి ఇల్లు చూసిపెట్టుకున్నాడు. మర్నాడు టీచర్ కన్నా ముందే చేరాలని పెందలాడే బయల్దేరాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన సంచి, మెడలో ఏదో కార్డు. గేటు ముందు ఎవరిదో వ్యాను ఆగి ఉంది. డ్రైవరు ఫోన్లో ఏదో చూసుకుంటూ నవ్వుకుంటున్నాడు.

ఇంటి కోడలు తలుపు తీసింది. చేతులు మోచేతుల దాకా తడిగా ఉన్నాయి.

"సెంటర్ నుంచి వచ్చానమ్మా. ట్యాబ్ పాఠానికి."

"మీరూ వచ్చారా? రండి, హాల్లో ఉన్నారు. లోపల పని సగంలో వదిలేసి వచ్చాను. ఏమనుకోకండి, ఇప్పుడే వచ్చేస్తా," అని ఆమె బాత్రూంలోకి పరుగెత్తింది. నీళ్ల చప్పుడు మొదలైంది. బట్టలుతుకుతోంది కాబోలు, మంచిదే, అనుకున్నాడు మాటకారి.

హాల్లో కిటికీ పక్కన చక్రాల కుర్చీలో, సగం నెరిసిన జుట్టుతో ఒకావిడ కూర్చుని ఉంది. ఆవిడ ముందు స్టాండుకి బిగించిన ట్యాబ్.

"న...మ...స్తే... అ...మ్మా," అని వీధి చివరికి వినబడేంత గట్టిగా అన్నాడు. మాట పోతే చెవులు కూడా పోతాయని అతనికెవరు చెప్పారో మరి.

ఆవిడ వేలు వణుకుతూ బొమ్మల మీదికి వెళ్లింది. "నేను," అంది ట్యాబ్. కాసేపటికి "సెంటర్" అంది. వేలు మూడో బొమ్మ కోసం కదులుతోంది.

అంతసేపు ఆగడం మాటకారి జాతకంలోనే లేదు. "సెంటర్‌కి రావాలనుందా? ఎందుకమ్మా శ్రమ, సెంటరే మీ దగ్గరికి నడిచొస్తేనూ," అని ఆవిడ మాట తనే పూర్తి చేసి, తన చమత్కారానికి తనే నవ్వుకున్నాడు.

ఆవిడ మళ్లీ మొదలుపెట్టింది. "నేను..."

"మంచినీళ్లా? కాఫీయా? దిండు సర్దమంటారా?"

ఆవిడ వేలు వెనక్కి తీసుకుని అతన్ని ఎగాదిగా చూసింది.

"ఇక పాఠం. నేనడుగుతాను, మీరు నొక్కండి," అన్నాడు మాటకారి, చంటిపిల్లకి గోరుముద్దలు తినిపించే గొంతుతో. "మన వంటగది ఎక్కడుందమ్మా?"

"తెలీదు," అంది ట్యాబ్.

"పోనీ, బీరువా తాళం ఎక్కడ పెడతారు?"

"తెలీదు."

"కోడలు బాగా చూసుకుంటోందా?"

"నాకు కోడలు లేదు."

మాటకారికి నిజంగానే జాలేసింది. మాటతో పాటు మతి కూడా పోయిందన్నమాట, పాపం. కన్నకొడుకు ఆ ముక్క సెలూన్‌లో చెప్పనేలేదు.

జాలి జాలే, పని పనే. "ఛార్జింగ్ వైరు చూసొస్తా," అని పడగ్గదిలోకి జారుకున్నాడు. తాళంచెవి పరుపు కింద దొరికింది. లోకంలో అందరూ అక్కడే పెడతారు. నగలపెట్టె సంచిలోకి దిగింది. తిరిగొచ్చేసరికి ఆవిడ వేలు తెర మీద ఇంకా కదులుతూనే ఉంది. ట్యాబ్ మాత్రం పెదవి విప్పలేదు.

అతను సంచి భుజానికెత్తుకోగానే విప్పింది. "మీ సంచి బరువెక్కింది."

"పుస్తకాలమ్మా, పుస్తకాలు. చదువు బరువే కదా. మిగతా పాఠం రేపు," అని తలుపు తీశాడు.

గుమ్మానికి అడ్డంగా వ్యాను డ్రైవరు నిలబడి ఉన్నాడు. పక్క నుంచి పిల్లి దూరే సందు కూడా లేదు.

"సంచి కింద పెట్టు. పోలీసులు దారిలో ఉన్నారు," అన్నాడు డ్రైవరు.

"నువ్వెవరయ్యా మధ్యలో? ఎవరు పిలిచారు నిన్ను?"

డ్రైవరు తన ఫోనెత్తి చూపించి, కిటికీ వైపు తల ఊపాడు. "మెసేజ్ పెట్టింది ఆవిడే. ఆవిణ్ణే అడుగు."

మాటకారి నోరు తెరిచాడు.

"ఒక్క వాక్యం," అంది ట్యాబ్. "ఈసారి పూర్తి చేయనివ్వండి."

మాటకారి ఆగాడు. ఆగక చేసేదేముంది? బాత్రూంలో నీళ్ల చప్పుడు కూడా ఆగింది. "నెమ్మదిగా... గడప ఉంది, చూసుకోండి," అంటూ కోడలు ఎవరినో నడిపించుకొస్తున్న అలికిడి వినబడింది. ఆవిడ వేలు మాత్రం ఏ తొందరా లేకుండా ఒక్కో బొమ్మనే వెతికి నొక్కుతోంది.

చివరికి ట్యాబ్ ఇందాక తెగిపోయిన వాక్యాన్ని మొదటి నుంచీ అందుకుంది. "నేను సెంటర్ నుంచి వచ్చిన టీచర్ని, నేర్చుకోవాల్సిన అత్తగారు అదిగో, ఇప్పుడే స్నానం చేసి వస్తున్నారు."